కువైట్‌కు రెండున్నర గంటలు, తిరిగి రావడానికి ఏడు గంటలా?

రాజోలు దగ్గర ఉండే మా పిన్ని కువైట్‌లో ఒక ఇంట్లో వంట పని చేస్తుంది. రెండేళ్ళకోసారి సెలవు మీద ఊరికి వస్తుంది. ఈసారి టికెట్ కాగితం నా చేతిలో పెట్టి ఒక చిక్కుప్రశ్న వేసింది. "చూడు అబ్బాయ్, రాత్రి పదింటికి శంషాబాద్‌లో ఎక్కితే పన్నెండున్నరకు కువైట్‌లో దించుతాడు. రెండున్నర గంటలు. వచ్చేటప్పుడేమో అర్ధరాత్రి దాటి ఒకటిన్నరకు ఎక్కిస్తే ఉదయం ఎనిమిదిన్నరకు గానీ దించలేదు. ఏడు గంటలు! పోయేటప్పుడు ఒక దారి, వచ్చేటప్పుడు ఇంకో దారా?"

పక్కనే ఉన్న బాబాయి అప్పటికే ఫోనులో వెతికి మరో చిక్కు తెచ్చాడు. హైదరాబాద్ నుంచి కువైట్‌కు ఒకచోట 3,370 అని ఉంది, ఇంకోచోట 2,095, మరోచోట 1,820. ఏది నిజం?

కోనసీమలో గల్ఫ్‌తో బంధం లేని వీధి తక్కువ. అయినా ఈ అంకెల దగ్గర చాలామంది తడబడతారు. దానికి వాళ్ళను తప్పు పట్టడానికి లేదు. దూరం, సమయం అనే రెండు మాటల కింద నాలుగైదు వేర్వేరు లెక్కలు దాగి ఉన్నాయి. టికెట్ వాటన్నిటినీ కలిపి ఒక్క వరుసలో అచ్చు వేస్తుంది.

రెండు గడియారాల మధ్య తీసివేత

పిన్ని తీసివేత సరిగ్గానే చేసింది. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఎక్కిన వేళ శంషాబాద్ గడియారంది, దిగిన వేళ కువైట్ గడియారంది. విమాన టికెట్ల మీద ఎప్పుడూ ఏ ఊరి సమయం ఆ ఊరిదే వేస్తారు.

భూమి ఒకసారి చుట్టూ తిరగడానికి 24 గంటలు. 360 డిగ్రీలకు 24 గంటలంటే ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాలు. భారత ప్రామాణిక కాలానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. ఆ గీత కాకినాడకు కాస్త తూర్పుగా తీరం దాటి సముద్రంలోకి వెళ్తుంది. అంటే గుజరాత్ నుంచి అస్సాం దాకా దేశమంతా చేతికి కట్టుకున్నది ఇంచుమించు మన గోదావరి జిల్లాల సూర్యుడినే. రాజోలు కాలానికీ ఆ గీత కాలానికీ తేడా రెండు మూడు నిమిషాలు మాత్రమే. ఈ సంగతి మనవాళ్ళు గొప్పగా చెప్పుకోరెందుకో నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

కువైట్ గడియారానికి ఆధారం 45 డిగ్రీల రేఖాంశం. 82.5లోంచి 45 తీస్తే 37.5. దాన్ని నాలుగు నిమిషాలతో గుణిస్తే 150 నిమిషాలు, అంటే సరిగ్గా రెండున్నర గంటలు. మనకు ఉదయం ఎనిమిదైనప్పుడు అక్కడ ఐదున్నర. కొన్ని దేశాల్లో వేసవికి గడియారం ఒక గంట ముందుకు జరుపుతారు. కువైట్‌లో ఆ పద్ధతి లేదు, మన దగ్గరా లేదు. కాబట్టి ఈ తేడా ఏడాది పొడవునా మారదు.

ఇప్పుడు పిన్ని లెక్క మళ్ళీ చూద్దాం. కువైట్‌లో పన్నెండున్నర అంటే మనకు తెల్లవారుజామున మూడు. రాత్రి పది నుంచి మూడు దాకా ఐదు గంటలు. తిరుగు ప్రయాణంలో కువైట్ ఒకటిన్నర అంటే మనకు నాలుగు. నాలుగు నుంచి ఎనిమిదిన్నర దాకా నాలుగున్నర గంటలు. రెండున్నర ఐదైంది, ఏడు నాలుగున్నరైంది.

తమాషా ఏమిటంటే, ఈ జవాబు పిన్ని చేతికే ఉంది. కువైట్‌లో ఆమె గదిలో గోడ గడియారం అక్కడి సమయం చూపిస్తుంది. చేతి గడియారం మాత్రం ఏళ్ళ తరబడి ఇండియా సమయంలోనే నడుస్తోంది. పిల్లలు ఇంట్లో ఉండే వేళ చూసి ఫోను చేయడానికి అలా ఉంచుకుంది. విమానం కదిలినప్పుడు ఒకసారి, ఆగినప్పుడు ఒకసారి ఆ గడియారం చూస్తే చాలు, అసలు ప్రయాణ సమయం తేలిపోతుంది.

గడియారాల గొడవ తీరింది. కానీ పోను ఐదు, రాను నాలుగున్నర అనే అరగంట తేడా అలాగే మిగిలింది. అది మాత్రం నిజమైన తేడా.

3,370, 2,095, 1,820: మూడూ ఒకే దూరం

బాబాయి ఫోను అబద్ధం చెప్పలేదు. 3,370 కిలోమీటర్లు, 2,095 మైళ్ళు, 1,820 నాటికల్ మైళ్ళు, మూడూ ఒక్కటే. ఓడలు నడిపేవాళ్ళు, విమానాలు నడిపేవాళ్ళు నాటికల్ మైలునే వాడతారు. అది 1.852 కిలోమీటర్లు. ఆ కొలత భూమి నుంచే పుట్టింది. అక్షాంశంలో ఒక డిగ్రీని అరవై భాగాలు చేస్తే వచ్చే ఒక్క భాగం పొడవు దాదాపు అంతే. యూనిట్ పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది, అంకె పెద్దగా కనిపిస్తుంది. గందరగోళమంతా అక్కడే.

యూనిట్లు సరిచూసుకున్నాక కూడా ఐదో పదో కిలోమీటర్ల తేడా కనిపించవచ్చు. ఒకరు చార్మినార్ దగ్గర మొదలుపెట్టి కొలుస్తారు, ఇంకొకరు శంషాబాద్ రన్‌వే నుంచి. ఒకరు భూమిని నున్నని బంతి అనుకుంటారు, మరొకరు ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయిన దాని అసలు ఆకారాన్ని లెక్కలోకి తీసుకుంటారు. ఇవి పట్టించుకోదగ్గ తేడాలు కావు.

పటం మీద గీత, కొబ్బరిబోండాం మీద దారం

ఈ 3,370 కిలోమీటర్లు పటం మీద స్కేలు పెట్టి కొలిచిన దూరం కాదు. కొబ్బరిబోండాం మీద రెండు చుక్కలు పెట్టి, వాటి మధ్య దారం బిగించి లాగితే అది తనంతట తానే అతి దగ్గర దారిలో కూర్చుంటుంది. గోళం మీద అలా వచ్చే దారిని మహావృత్త మార్గం అంటారు. అదే గీతను గోడ మీది పటంలోకి దించితే విల్లులా వంగినట్టు కనిపిస్తుంది. గుండ్రటి భూమిని బల్లపరుపు కాగితం మీద పరిచినప్పుడు వచ్చే వంకర అది.

విమానాల గురించి రాసే ప్రతివారూ ఈ విషయాన్ని పెద్దగా చెబుతారు. మన దారికి మాత్రం దీనితో పెద్దగా పని లేదు. హైదరాబాద్ నుంచి కువైట్‌కు ఒకే దిక్సూచి కోణంలో నేరుగా వెళ్ళినా, మహావృత్తం వెంట వెళ్ళినా తేడా పాతిక కిలోమీటర్లు కూడా ఉండదు. దూరం తక్కువ, అదీ భూమధ్యరేఖకు మరీ దూరం కాని అక్షాంశాల్లో. అదే హైదరాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు దారం లాగితే అది పసిఫిక్ వైపు పోకుండా సైబీరియా మీదుగా ఆర్కిటిక్ అంచుల దాకా ఎక్కి దిగుతుంది. వంకర గీత గొప్పతనమంతా అలాంటి చోట్ల.

పంటు ఆగిన రోజు: దేశాలు, గగనతలాలు

సఖినేటిపల్లి రేవులో నిలబడితే వశిష్ఠ గోదావరికి అవతల నరసాపురం కనిపిస్తూనే ఉంటుంది. రేవు దాటించే పంటు నడిచిన రోజు అవతలి ఒడ్డు పక్కవీధి లాంటిది. వరద వచ్చి పంటు ఆపేస్తే, చించినాడ వంతెన ఎక్కి పాలకొల్లు మీదుగా చుట్టూ తిరిగి రావాలి. రెండు ఊళ్ళ మధ్య దూరం అంగుళం కూడా మారలేదు. ప్రయాణించే దూరం మాత్రం ఎన్నో రెట్లు పెరిగింది.

ఆకాశంలోనూ ఇంతే. 1944 నాటి షికాగో ఒడంబడిక ప్రకారం తన నేల మీది ఆకాశంపై ప్రతి దేశానికీ సంపూర్ణ అధికారం ఉంది. ఎవరిని రానివ్వాలో, ఎవరిని ఆపాలో ఆ దేశం ఇష్టం. తీరానికి దూరంగా ఉన్న సముద్రం మీది ఆకాశం ఎవరి సొంతమూ కాకపోయినా, విమానాల రాకపోకలు చూసే బాధ్యతను ముక్కలుగా పంచుకున్నారు. అందువల్ల విమానం దారం లాగిన గీత మీద పోదు. అయిదేసి అక్షరాల పేర్లున్న గుర్తు బిందువులను ఒకదాని తర్వాత ఒకటి కలుపుకుంటూ పోతుంది. పైగా రన్‌వే మీద ఎగిరే దిక్కూ దిగే దిక్కూ గాలిని బట్టి మారుతుంటాయి. ఇవన్నీ కలిస్తే అసలు తిరిగిన దూరం కాగితం మీది దూరం కంటే ఎప్పుడూ కొంత ఎక్కువే.

హైదరాబాద్–కువైట్ సరళమార్గం మహారాష్ట్ర, సౌరాష్ట్రల మీదుగా అరేబియా సముద్రంలోకి దిగి, ఇరాన్ దక్షిణ తీరాన్ని ఒరుసుకుంటూ గల్ఫ్ చివరికి చేరుతుంది. ఆ దారి పక్కనే ఒకవైపు పాకిస్తాన్, మరోవైపు ఇరాన్. వార్తల్లో ఈ రెండు పేర్లు వినిపించినప్పుడల్లా మన ఊళ్ళలో ఫోన్లు మోగుతాయి.

2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత పాకిస్తాన్ తన గగనతలాన్ని భారత విమానాలకు మూసేసింది, భారత్ కూడా అదే పని చేసింది. అప్పుడు రెండు మాటలు వినిపించాయి. గల్ఫ్ ప్రయాణాలన్నీ గంటల తరబడి పెరిగాయని కొందరు అన్నారు. దక్షిణాది వాళ్ళకు దానితో సంబంధమే లేదని ఇంకొందరు అన్నారు. రెండో మాటలో నిజం పాలు ఎక్కువ. ఢిల్లీ నుంచి కువైట్‌కు సరళ దూరం సుమారు 2,830 కిలోమీటర్లు, హైదరాబాద్ కంటే దగ్గర. కానీ ఆ గీత పాకిస్తాన్ నేల మీదుగా పోతుంది. అది మూసుకుంటే ఢిల్లీ విమానం ముందు గుజరాత్ వైపు దిగి, సముద్రం మీదుగా మళ్ళాలి. హైదరాబాద్ విమానం ఎలాగూ గుజరాత్ దాటి సముద్రం మీదికే వెళ్తుంది. కాస్త దక్షిణంగా జరగవలసి వచ్చినా ఆ తేడా చిన్నది. మొదటి మాటను మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేం. ఒకే విమానం రోజులో నాలుగైదు ఊళ్ళు తిరుగుతుంది కాబట్టి, ఢిల్లీలో ఆలస్యమైంది సాయంత్రానికి హైదరాబాద్‌లోనూ ఆలస్యం కావచ్చు.

ఇక 2025 జూన్ 23 రాత్రి పరిస్థితి వేరు. ఖతార్‌లోని అమెరికా స్థావరంపై ఇరాన్ క్షిపణులు ప్రయోగించినప్పుడు ఖతార్, కువైట్, బహ్రెయిన్, యూఏఈ గగనతలాలు కొన్ని గంటలు మూతపడ్డాయి. గాలిలో ఉన్న విమానాలు కొన్ని వెనక్కి మళ్ళాయి. దారి మూసుకుంటే చుట్టూ తిరగవచ్చు. దిగవలసిన ఒడ్డే మూసుకుంటే చించినాడ వంతెన కూడా పనికిరాదు.

గోదావరికి ఎదురు, గోదావరి వాలున

మిగిలిన అరగంట దగ్గరికి వద్దాం. పాపికొండల వైపు లాంచీలో వెళ్ళినవారికి ఇది చెప్పనక్కరలేదు. ఇంజను అదే, దూరం అదే. ఎగువకు పోయేటప్పుడు ఒడ్డున చెట్లు నింపాదిగా కదులుతాయి. దిగువకు వచ్చేటప్పుడు అవే చెట్లు పరుగెడతాయి. లాంచీ వేగం నీటితో పోల్చి, మన ప్రయాణం ఒడ్డుతో పోల్చి.

విమానానికి నీళ్ళ బదులు గాలి. ఈ దారిలో తిరిగే మామూలు జెట్ విమానం చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే గంటకు సుమారు 830 కిలోమీటర్ల వేగంతో పోతుంది. మలుపులు కలుపుకుని 3,500 కిలోమీటర్లు తిరిగిందనుకుందాం. గాలి లేకపోతే 4 గంటల 13 నిమిషాలు. వెళ్ళేటప్పుడు గంటకు 100 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే నేల మీది వేగం 730కి పడిపోతుంది, 4 గంటల 48 నిమిషాలు పడుతుంది. వచ్చేటప్పుడు అదే గాలి వెనుక నుంచి తోస్తే వేగం 930, సమయం 3 గంటల 46 నిమిషాలు. ఒక్క గాలి వల్ల గంటకు పైగా తేడా!

ఈ అంకెల్లో ఒక చిన్న విచిత్రం ఉంది. ఎదురుగాలి 35 నిమిషాలు తినేసింది, వెనుకగాలి 27 నిమిషాలే తిరిగిచ్చింది. గాలి అప్పు తీసుకున్నంత ఎన్నడూ తీర్చదు. నెమ్మదిగా పోయేటప్పుడు ఆ ఎదురుగాలిలో గడిపే సమయమే ఎక్కువ కాబట్టి నష్టం పెరుగుతుంది, సాయం అందే సమయం తగ్గుతుంది.

అంత గాలి ఎక్కడి నుంచి వస్తుంది? శీతాకాలంలో ఉత్తర భారతం మీద, దాదాపు 12 కిలోమీటర్ల ఎత్తున, పడమర నుంచి తూర్పుకు ఒక గాలి నది పారుతుంది. దాన్నే జెట్ స్ట్రీమ్ అంటారు. విమానాలు తిరిగే ఎత్తు సరిగ్గా దాని దగ్గర్లోనే. హైదరాబాద్‌లో ఎగిరినప్పుడు విమానం ఆ నదికి దక్షిణాన ఉంటుంది. వాయవ్యంగా పోతూ పోతూ గల్ఫ్ వైపు దానికి ఎదురెక్కుతుంది. అందుకే డిసెంబర్, జనవరి నెలల్లో పోను, రాను సమయాల మధ్య తేడా బాగా కనిపిస్తుంది.

వానాకాలం వచ్చేసరికి ఆ నది హిమాలయాలకు ఉత్తరంగా తరలిపోతుంది. అప్పుడు మన మీద ఇంకొకటి పుడుతుంది. జూలైలో డెల్టా పొలాల గట్టు మీద నిలబడితే గాలి పడమర, నైరుతి వైపుల నుంచి వీస్తుంది. అదే చోట పద్నాలుగు, పదిహేను కిలోమీటర్ల పైన గాలి తూర్పు నుంచి పడమరకు పరుగెత్తుతుంటుంది. దీన్ని ఉష్ణమండల తూర్పు జెట్ అంటారు. 1958లో దీని గురించి వివరంగా రాసి శాస్త్రలోకానికి పరిచయం చేసినవాడు భారత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్‌గా పనిచేసిన పి. కోటేశ్వరం. ఆ తూర్పు జెట్ ప్రధానంగా విమానాలకు పైన ఉంటుంది. అయినా ఆ నెలల్లో పడమటి గాలి అడ్డు తగ్గిపోతుంది కాబట్టి పోను, రాను సమయాలు దగ్గరపడతాయి.

ఇక్కడ బాబాయి మరో అభ్యంతరం తెచ్చాడు. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కదా, మనం గాలిలో ఉండగా కువైట్ తనే మన వైపు రావాలి, కాబట్టి వెళ్ళే ప్రయాణమే తొందరగా ముగియాలి అని. చదువుకున్నవాళ్ళు కూడా అడిగే మాటే ఇది. భూమితో పాటు దాని గాలి కూడా తిరుగుతోంది, విమానం ఆ గాలిలో ఉంది. రైలు పెట్టెలో పైకి ఎగిరిన పిల్లవాడు వెనక సీటు మీద పడడు, నిలబడ్డ చోటే దిగుతాడు. అయితే భూభ్రమణానికి ఇందులో పాత్ర లేదనడం కూడా తప్పే. ఉష్ణమండలం నుంచి ఉత్తరానికి పోయే గాలి తూర్పుకు మళ్ళి జెట్ స్ట్రీమ్‌గా మారడానికి భూమి తిరగడమే కారణం. బాబాయి చెప్పిన దానికి సరిగ్గా వ్యతిరేక దిశలో ఆ ప్రభావం పనిచేస్తోంది.

అన్నట్టు, ఆ దారిలో ఎదురెదురుగా వచ్చే విమానాలు గుద్దుకోకుండా ఎత్తులు వంతులేసుకున్నారు. పడమటి దిక్కుకు పోయేవి 34,000, 36,000 అడుగుల వంటి సరిసంఖ్య వేలల్లో, తూర్పుకు వచ్చేవి 35,000, 37,000 వంటి బేసిసంఖ్య వేలల్లో ఎగురుతాయి. పిన్ని విమానానికి మూడు వందల మీటర్ల పైనో కిందో, ఊరికి వచ్చే ఇంకొకరి పిన్ని దాటిపోతుంటుంది.

టికెట్ మీది ఐదు గంటల్లో ఎగిరేది ఎంత?

టికెట్ మీది సమయం ఎగిరిన సమయం కాదు. విమానం నిలిచిన చోటు నుంచి కదలడం మొదలు, అవతల నిలిచే చోట ఆగేదాకా లెక్క. దీనికి బ్లాక్ టైమ్ అని పేరు. నిలిచిన విమానం దొర్లిపోకుండా చక్రాల కింద పెట్టే దిమ్మల నుంచి వచ్చిన మాట. రన్‌వే దాకా నెమ్మదిగా దొర్లడం, వరుసలో వేచి ఉండడం, దిగాక మళ్ళీ దొర్లడం అన్నీ అందులోవే. ఇరవై నిమిషాల నుంచి అరగంట దాకా వీటికే పోతుంది.

దీని మీద విమానయాన సంస్థలు ఇంకొంచెం అదనంగా కలుపుతాయి. ఇక్కడ రెండు పక్షాలున్నాయి. ప్రయాణికుల వైపు మాట్లాడేవారి మాట ఇది: నాలుగు గంటల నలభై నిమిషాల ప్రయాణాన్ని ఐదు గంటలని రాసుకుంటారు, ఇరవై నిమిషాలు ఆలస్యంగా బయలుదేరినా సరైన వేళకే చేరామని చెప్పుకుంటారు. పదిహేను నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యంగానే లెక్కించని పరిశ్రమ పద్ధతి దీనికి తోడు. సంస్థల జవాబు కూడా తీసిపారేయదగ్గది కాదు. టైమ్‌టేబుల్ ఏడాదికి రెండుసార్లే మారుతుంది, మార్చి చివరి ఆదివారం ఒకసారి, అక్టోబర్ చివరి ఆదివారం ఒకసారి. ఒకే అంకెను ఐదు, ఏడు నెలల పాటు అన్ని రోజులకూ వాడాలి. గాలి మాత్రం రోజుకో తీరుగా ఉంటుంది. సగటు సమయం రాస్తే సగం రోజులు ఆలస్యమే. అవతల ఇంకో విమానం అందుకోవలసినవారికి నమ్మదగిన పెద్ద అంకె, నమ్మలేని చిన్న అంకె కంటే మేలు. నాకు సంస్థల వాదన సబబుగానే తోస్తుంది. కాకపోతే ముందుగా దిగిన రోజున "ఇరవై నిమిషాలు ముందే చేర్చాం" అని మైకులో గొప్పలు పోవడం మాత్రం కొంచెం అతి.

మధ్యలో దిగితే, గుమ్మం నుంచి లెక్కేస్తే

ఇదంతా నేరు విమానం సంగతి. మధ్యలో మారే టికెట్‌కు దూరం లెక్కే వేరు. ఉదాహరణకు కొలంబో మీదుగా వెళ్తే ముందు దక్షిణానికి 1,130 కిలోమీటర్లు, అక్కడి నుంచి కువైట్‌కు సుమారు 4,140. మొత్తం 5,270, నేరు దూరం కంటే 1,900 ఎక్కువ. అలాంటి టికెట్ మీద కనిపించే మొత్తం సమయంలో విమానాశ్రయంలో కూర్చున్న గంటలు కూడా కలిసే ఉంటాయి. అందుకే ఒకే రెండు ఊళ్ళ మధ్య ఐదు గంటలనీ, పద్నాలుగు గంటలనీ పక్కపక్కనే కనిపిస్తుంది.

ఇక పిన్ని సొంత లెక్క ఒకటి ఉంది. రాత్రి పది గంటల విమానానికి ఆమె రాజోలులో ఉదయం ఎనిమిదింటికి బయలుదేరింది. విజయవాడ మీదుగా శంషాబాద్‌కు నాలుగు వందల యాభై కిలోమీటర్ల పైమాటే. దారిలో ఒకచోట భోజనానికి ఆగి సాయంత్రం ఆరు దాటాక చేరింది. సామాను తూకం, పాస్‌పోర్టు వరుస, నిరీక్షణ. కువైట్‌లో దిగి, మళ్ళీ వరుసలో నిలబడి, పని ఇంటి తలుపు తట్టేసరికి అక్కడ రాత్రి రెండు. చేతి గడియారంలో నాలుగున్నర.

ఉదయం ఎనిమిది నుంచి మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నర దాకా ఇరవైన్నర గంటలు. అందులో 3,370 కిలోమీటర్లకు పట్టింది ఐదు గంటలు, రాజోలు నుంచి శంషాబాద్‌కు పట్టింది పది.